తొమ్మిది వందల తొంభై ఒకటోవారి చుట్టం

లెక్క 9,99,806

ఇంటి పుస్తకంలో సంఖ్యలు తప్ప మరేమీ రాయకూడదని మా తాత పెట్టిన నియమం. ఆయన పోయి నలభై ఏళ్ళయింది కాబట్టి ఇవాళ్టి నుంచి రాస్తున్నాను. పది లక్షలకి ఇంక నూట తొంభై నాలుగే తక్కువ! ఇలాంటి రోజుల్లో ఉత్త సంఖ్యలు రాసుకుని ఊరుకోవడం నా వల్ల కాదు.

మేమంతా బతికే ఈ మూసిన గుల్ల, నాచు ఇచ్చే గాలి తప్ప వేరే గాలి లేని మా ఊరు, పెళ్ళివారిల్లులా ఉంది. వీధుల్లో తోరణాలు, గాలిమరలకి రంగులు. పొద్దున్న నేను నాచు పలకలు గీకుతుంటే రెండోవారి ధర్మారావుగారు వచ్చి, అడగకుండానే మొదలుపెట్టారు.

"చూసేవా తాతబ్బాయ్, పది లక్షల్లో మా రెండు ఆరుసార్లు ఉందయ్యా! ఆరుసార్లు! మిగిలిన ఆరూ అయిదోవారివి. ఇంకెవ్వరికీ చోటు లేదు."

"సంతోషమండి. పలకలు కూడా ఆరురెట్లు గీకుతారా మరి?"

ఆయన నవ్వి వెళ్ళిపోయారు. పాపం, ఆయనకీ కష్టమే. గుల్లలో కోడిపిల్ల గాని, మేకపిల్ల గాని, మనిషి గాని, ఊపిరి పీల్చేది ఏది పుట్టినా గంట మోగుతుంది. వరసలో తరవాతి సంఖ్య దానిదవుతుంది. ఆ సంఖ్య ఏ ఇంటి నంబరుతో శేషం లేకుండా పోతుందో ఆ ఇంటివాళ్ళు "మాదే!" అని అరుస్తారు. అరిచాక అది ఆ ఇంటి చుట్టమవుతుంది, దాని ఊపిరికి సరిపడా నాచు పెంచే పూచీ వాళ్ళదే. పుట్టినవాటిలో సగం రెండోవారికే పోతాయి. అందుకే ధర్మారావుగారింట్లో మంచాల కింద కూడా నాచే.

వెయ్యిలోపు, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా పోని ప్రతి సంఖ్యా ఇక్కడ ఒక ఇంటి నంబరు; మాది తొమ్మిది వందల తొంభై ఒకటి. గుమ్మం మీద పలక చాలక గోడ మలుపు తిప్పి రాయించాం. నూట అరవై ఎనిమిది ఇళ్ళలో మాది నూట అరవై ఏడోది. యాభై రోజులకి ఒకసారి మాకో చుట్టం వస్తుంది, వస్తే అది కోడిపిల్లో మేకపిల్లో. నూట నలభై ఏళ్ళలో ఒక్క మనిషి కూడా రాలేదు. ఈ సంగతి రాస్తుంటే నవ్వొస్తోంది గాని, నిజానికి నవ్వేది కాదు. నాకూ నూకరత్నానికీ పిల్లలు లేరు.

అసలు విషయం ఇప్పుడు రాస్తాను. మా తరవాతి సంఖ్య 9,99,928. పక్కింటి సరయుకి నెలలు నిండాయి!

లెక్క 9,99,858

సరయు గోడకి అవతల పుట్టి, గోడకి ఇవతల పెరిగిన పిల్ల. నన్ను బాబాయ్ అంటుంది, నూకరత్నాన్ని పిన్ని అంటుంది, మా వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో నాకంటే దానికే బాగా తెలుసు. మంత్రసాని ఇంకో మూడు రోజులంటోంది. రోజుకి ఇరవై పుట్టుకలు వేసుకుంటే మూడు రోజులకి అరవై. 9,99,858కి అరవై కలిపితే 9,99,918. మాకు కావలసింది 9,99,928. పది తేడా, అంటే ఒక్క పూట!

మధ్యాహ్నం వెళ్ళి అడిగాను.

"అమ్మా సరయూ, ఒక్క పూట ఆగేవనుకో, మనం చుట్టాలమైపోతాం."

"బాబాయ్, ఆపడానికి ఇదేవన్నా కుళాయా?"

"కాళ్ళు పైకెట్టుకుని పడుకోవే."

"పడుకునే ఉన్నాను. నువ్వెళ్ళి కోళ్ళకి చెప్పు, తొందరగా పొదగమని."

హాస్యానికే అంది. నేను మాత్రం నేరుగా గుడ్లు పొదిగే గదికి పోయి, వేడి కాస్త పెంచమని బతిమాలాను. గుడ్లు ఉడికిపోతాయని తరిమేశారు. ఇంటికొచ్చి చెబితే నూకరత్నం పళ్ళెం కింద పెట్టేసి మరీ నవ్వింది. నవ్వి, మెల్లగా లోపలికి వెళ్ళి, ఎప్పుడో కుట్టి దాచిన చిన్న బొంత తీసి ఎండదీపం కింద ఆరేసింది. అది కుట్టినట్టు నాకు తెలియనే తెలియదు.

లెక్క 9,99,919

పుట్టింది. ఆడపిల్ల. బొద్దుగా, గుండ్రంగా, కోపంగా ఉంది.

గంట మోగగానే నూట అరవై ఎనిమిది ఇళ్ళవాళ్ళం పెద్ద ముగ్గు చుట్టూ చేరాం. "తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల పంతొమ్మిది!" అని చదివారు. బేసి కాబట్టి ధర్మారావుగారు నోరు మూసుకున్నారు. మూడోవారు తమ పుస్తకం చూసుకుని తల ఊపారు. అయిదోవారికి చూడక్కర్లేదు. ఏడోవారు, పదకొండోవారు, పదమూడోవారు, అలా వరసగా అందరూ పుస్తకాలు మూసేశారు. నేనూ చూశాను. మాది 9,99,928. ఇది తొమ్మిది తక్కువ.

ఎవ్వరూ "మాదే" అనలేదు.

ఇలా ఏ ఇంటికీ చెందని ఒంటి కోడి పుడితే దిగులు లేదు, కాలికి ఎర్రదారం కట్టి పెంచి కూర వండుకుంటాం. ఒంటి మనిషి పుడితే మాత్రం తల్లిదండ్రులతో సహా పడవెక్కి రెండో గుల్లకి పోవాలి. అక్కడివాళ్ళు మంచివాళ్ళేనట, ఎవరి నాచు వాళ్ళే పెంచుకుంటారట. కానీ ఆ పడవలో వెళ్ళడమే గాని రావడం ఉండదు. ఏడాదికోసారి వచ్చే ఆ పడవ ఇప్పుడు రేవులోనే ఉంది. పది లక్షల గంట మోగగానే బయల్దేరుతుంది. ఎనభై ఒక్క పుట్టుకలు, నాలుగు రోజులు.

సరయు ఏడవలేదు. "తొమ్మిదే కదా బాబాయ్ తేడా. కొంచెం తొందరపడింది నా కూతురు" అంది. దాని మొగుడు మురారి పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. ఎందుకో ముందుగా గరిటెలు సర్దాడు.

నూకరత్నం వెళ్ళి పాప పేర ముగ్గులో చుక్క పెట్టి వచ్చింది. ఇవాళ ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

లెక్క 9,99,928

అనుకున్నట్టే మా సంఖ్య వచ్చింది. కోడిపిల్ల. "మాదే" అన్నాను. ఇది సరిసంఖ్య గనక ధర్మారావుగారు కూడా "మాదే" అని మామూలుగా అరిచారు. ఆయన ఇంట్లో చోటు లేదు కాబట్టి పిల్లని నేనే తెచ్చుకున్నాను.

నూకరత్నం దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "నీ తప్పేం లేదులేవే" అంది దానితో. పచ్చగా, ముద్దగా, అమాయకంగా ఉంది. అమాయకంగా ఉండడం వల్లే ఇంకా కోపం వచ్చింది నాకు.

లెక్క 9,99,963

ఇవాళ అక్షరాలు పాములు పోతున్నాయి. అయినా జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

మా పెద్ద ముగ్గు సంగతి. పుట్టిన ప్రతి ప్రాణికీ నేలమీద ఒక చుక్క. వరసకి వెయ్యి చుక్కలు, మొత్తం వెయ్యి వరసలు. అది నిండితే పది లక్షలు. మొదటివాళ్ళు గుల్లలోకి దిగిన తలుపు ముగ్గుకి కుడిచేతి కింది మూలన ఉంది. అందుకని ఆ మూల తొమ్మిది వరసలూ, వరసకి తొమ్మిది చుక్కలూ ఖాళీగా వదిలి, ఆఖర్న నింపాలని పెద్దలు ఎప్పుడో పెట్టారు. ముగ్గు బాధ్యత మా నూకరత్నానిది.

ఇవాళ నాచు తొట్ల తడి వచ్చి ముగ్గు కింద అంచు చెమ్మగిల్లింది. నూకరత్నం నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. నేను బకెట్టుతో తడి ఎత్తుతున్నాను.

"ఏవండీ, ఈ కింద తొమ్మిది వరసలూ పోయేలా ఉన్నాయి. తీసేసి, ముగ్గుకి కుడిపక్కన నిలువుగా పెట్టేస్తే?"

"పట్టొద్దా మరి?"

"చూద్దాం. మూల తొమ్మిదీ పోతే కింద వరసకి ఎన్ని చుక్కలు? తొమ్మిది వందల తొంభై ఒకటి. ఈ తొమ్మిది వరసలూ తీసేస్తే పైన మిగిలే వరసలు ఎన్ని?" వేళ్ళు మడిచింది. "అవీ తొమ్మిది వందల తొంభై ఒకటే! ఎంచక్కా అతికిపోద్దండి, ఒక్క చుక్క తేడా లేకుండా. అప్పుడు తొమ్మిది వందల తొంభై ఒక్క వరసలు, వరసకి వెయ్యిన్నీ తొమ్మిది చుక్కలు. అరె, మనింటి నంబరే వచ్చిందేంటి!"

నేను బకెట్టు దించాను.

"రత్నం, ఆ మూల కాకుండా మొత్తం ఎన్ని చుక్కలున్నాయి?"

"ఎన్నేంటి, తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల పంతొమ్మిది. ఆఖరిది మన సరయు పిల్లదే కదా, నా చేత్తో నేనే..."

అక్కడ ఆగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బకెట్టు ఎప్పుడు ఒరిగిందో గాని, నీళ్ళు నా చెప్పుల్లోకి వచ్చాయి.

పాప సంఖ్యలో తొమ్మిది వందల తొంభై ఒకటి నిండుగా, వెయ్యిన్నీ తొమ్మిదిసార్లు ఉంది. పాప మాది! మొదటి నుంచీ మాదే! నేను గట్టిగా అరిచాను. నూకరత్నం నా నోరు మూసి, తను అరిచింది.

లెక్క 9,99,964

ఇంకో గంట మోగింది, మేకపిల్లట. నేను పుస్తకం వెనక్కి తిప్పుతూనే ఉన్నాను.

మా ఇంటి పద్ధతి తాత నేర్పినది. ఒక చుట్టం రాగానే దాని సంఖ్యకి వెయ్యి కలుపు, తొమ్మిది తీసెయ్, అదే వచ్చే చుట్టం సంఖ్య. చంటిపిల్లాడు చెయ్యగలిగిన లెక్క. మూడేళ్ళ కిందటి పేజీలో 9,78,117 ఉంది. దాని కింద 9,79,108 ఉండాలి. నా దస్తూరీతో 9,79,117 ఉంది. వెయ్యి కలిపాను, తొమ్మిది తియ్యలేదు. అక్కడి నుంచి ఇరవై ఒక్కసార్లు శుద్ధంగా, శ్రద్ధగా, దీక్షగా తప్పు మీద తప్పు పేర్చుకుంటూ వచ్చాను.

ఆ అంకెల పక్కన పసుపు మరక ఉంది. పులిహోర. అది సరయు పెళ్ళిరోజు. వడ్డన మధ్యలో గంట మోగితే, ఎంగిలిచేత్తో పరిగెత్తుకొచ్చి రాసేసి, మళ్ళీ పందిట్లోకి పోయాను. ఆ రోజు నా అంత సంతోషంగా ఉన్నవాడు గుల్లలో లేడు. మురారి కూడా అంత సంతోషంగా లేడు.

ఈ మూడేళ్ళలో ఇంకెవర్ని పోగొట్టుకున్నామో అని భయమేసింది. ఇద్దరం కూర్చుని మా అసలు చుట్టాలందర్నీ వరసగా వెతికాం. దాదాపు అందరికీ రెండోవారో మూడోవారో ఇంకెవరో పూచీ పడ్డారు. ఎవరూ లేకుండా పోయినది పాప కాక ఒక్కటే: 9,82,081, అంటే మా నంబరుని మా నంబరుతోనే హెచ్చవేసినది. అదొక కోడి. దానికి ఎర్రదారం కట్టారు. ఆ కూర నేనూ తిన్నాను, రెండోసారి వడ్డించుకున్నాను కూడా. తల్లీ, క్షమించు.

లెక్క 9,99,981

ఇంత సంతోషంలోనూ ఒక ముల్లుంది. ఒక ఇంటివాళ్ళు "మాదే" అన్నది తప్పు అని తేలితే ఆ ఇల్లు నంబరు వదులుకోవాలి. అరవై ఏళ్ళ కిందట ఆరు వందల పదమూడోవారికి అలాగే అయింది. వాళ్ళ నంబరు ఆ ఇంటి చుట్టాల్లో ఒక మనిషికి పోయింది. మనిషి చుట్టం లేని ఇల్లయితే ఆ నంబరు కొట్టేస్తారు. మాకున్నవన్నీ కోళ్ళూ మేకలూ.

అంటే నేను తప్పు ఒప్పుకుంటే మా నంబరు పోతుంది. మా నంబరు పోతే పాపకి పూచీ పడే ఇల్లే ఉండదు. ఒప్పుకోకపోతే పాప పడవెక్కుతుంది. ఎటు తిప్పినా పడవే కనిపిస్తోంది. ఏదైనా దారి చెప్పమని గాలిని నడిపే పెద్ద యంత్రాన్ని అడుగుదామా అంటే, వెనకెప్పుడో ఎవరో దాన్ని ఒక భాగహారం అడిగితే గంటసేపు గాలి ఆగిందట. అప్పట్నుంచి దాన్ని ఎవరూ పలకరించరు.

"ఏం చేద్దాం రత్నం?"

"నిజం చెప్పేసి ఊరుకుందాం. ఆ తరవాత పడవే అయితే, మనమూ ఎక్కేద్దాం. నాకు సర్దుకోడానికి గంట చాలు."

"ఈ కోడిపిల్లనో?"

"తొమ్మిదినా? దాన్నీ తెచ్చుకుందాం."

దానికి తొమ్మిది అని పేరు పెట్టేసింది! నాకు అంత భయంలోనూ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాం. మధ్యలో ఎక్కడో అది ఏడుపైంది గాని, ఎక్కడో గుర్తులేదు.

లెక్క 9,99,999

ఇంక ఒక్కటి. గుల్లంతా ముగ్గు చుట్టూ ఉంది. పొదిగే గది నుంచి గంపలో పగులుతున్న గుడ్డుని డప్పులతో తెచ్చి తలుపు దగ్గర పెట్టారు. రేవులో పడవ బుసలు కొడుతోంది. సరయు పాపని బొంతలో చుట్టుకుని, మూట మీద కూర్చుంది. ఆ బొంత మా నూకరత్నానిదే.

నేను ముగ్గు అంచున నిలబడ్డాను.

"అయ్యా, తొమ్మిది వందల తొంభై ఒకటోవాణ్ణి, తాతబ్బాయిని. మూడేళ్ళ కిందట వెయ్యి కలిపి తొమ్మిది తియ్యడం మరిచిపోయాను. అప్పట్నుంచి నేను చెప్పినవన్నీ తప్పు మాటలే. సరయు కూతురు ఒంటిది కాదు. అది మా చుట్టం. కావాలంటే ముగ్గు చూసుకోండి."

నూకరత్నం చీపురు తిప్పి పట్టుకుని, కింద తొమ్మిది వరసలూ ఎలా లేస్తాయో, పక్కన ఎలా నిలబడతాయో చూపించింది. అయిదోవారు వేళ్ళు లెక్కపెట్టారు. పదమూడోవారు నేలమీదే హెచ్చవేతకి కూర్చున్నారు. ఎవరో "సరిపోయిందిరోయ్!" అని అరిచారు. సరయు మూట మీంచి లేచింది.

ధర్మారావుగారు చెయ్యెత్తారు. పెద్ద ఇంటివాడు గనక నియమం చదవాల్సింది ఆయనే.

"తాతబ్బాయ్, నంబరు వదులుకోవాలయ్యా. తప్పదు."

"వదులుకున్నానండి. కానీ కొట్టెయ్యకండి, కాళ్ళు పట్టుకుంటాను. మాకు మనిషి చుట్టం లేడని తెలుసు. అయినా..."

"లేడేంటయ్యా?" ధర్మారావుగారు నన్ను వింతగా చూశారు. "ఇప్పుడే కదా చూపించేవు. బొంతలో ఉంది."

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకైతే అసలు కాలేదు. నా లెక్కల్లో నేను పాపని కాపాడవలసినదానిగానే చూశాను గాని, చుట్టాల వరసలో కలపలేదు. మళ్ళీ అదే అలవాటు, కలిపేటప్పుడు ఒకటి మరిచిపోవడం.

ధర్మారావుగారు గొంతు సవరించుకుని, గుల్ల అదిరేలా చదివారు. "తొమ్మిది వందల తొంభై ఒకటో నంబరు తాతబ్బాయి చేతిలోంచి పోయింది! దానికున్న ఒకే ఒక్క మనిషి చుట్టానికి వచ్చింది! ఇవాళ్టి నుంచి ఆ ఇంటికి పెద్ద, సరయు కూతురు! ఇంటి పెద్దని పడవెక్కించే నియమం ఏదీ లేదు!"

అప్పుడే గుడ్డు పగిలింది. పది లక్షల గంట మోగింది. ధర్మారావుగారు ఆరుసార్లు "మాదే" అనాలని నెల రోజులుగా గొంతు సాధన చేస్తున్నారు. కానీ ఆ కేకల్లో, ఆ గంతుల్లో, ఆ డప్పుల్లో ఒక్కసారి అనడం కూడా మరిచిపోయారు. చివరికి అయిదోవారు జాలిపడి ఆయన్ని మోచేత్తో పొడిచారు.

పడవ వెళ్ళిపోయింది. మురారి గరిటెలు ఒక్కొక్కటే పెట్టెలోంచి తీస్తున్నాడు.

లెక్క 10,00,312

నా బతుకు ఇప్పుడిలా ఉంది. మా ఇల్లు మాది కాదు, ఇరవై రోజుల పిల్లది. నేనూ నూకరత్నమూ ఆమె ఇంట్లో ఉంటున్నాం. నేను ఆమె దగ్గర లెక్క రాసేవాణ్ణి. జీతం లేదు, తిండి పెడుతుంది, అప్పుడప్పుడూ నా మీద పాలు కక్కుతుంది. ముగ్గు దగ్గర నోరెత్తకూడదని నాకు యావజ్జీవ శిక్ష. అది న్యాయమే. మనవాళ్ళు గోడ మధ్యలో తలుపు పెట్టారు, ఎవరు ఎవరింట్లో ఉన్నారో ఎవరికీ తెలియడం లేదు.

వెయ్యిన్నీ తొమ్మిది సంగతి కూడా తేలిపోయింది. ఇప్పటి నూట అరవై ఎనిమిది ఇళ్ళూ పది లక్షల పద్దెనిమిది వేల ఎనభై దాకానే చాలతాయి. ఆ తరవాతి సంఖ్య వెయ్యిన్నీ తొమ్మిదిని దానితోనే హెచ్చవేసినది, దానికి నూట అరవై తొమ్మిదో ఇల్లు కావాలి. దాని నంబరు వెయ్యిన్నీ తొమ్మిది. ఆ ఇంటికి ఇప్పటికి ఉన్న ఒకే ఒక్క మనిషి చుట్టం ఎవరు? మా ఇంటి పెద్దమ్మగారు, సరయు కూతురే! రెండున్నరేళ్ళ తరవాత ఆ ఇంటికి తాళం కూడా ఆవిడ చేతికే. ధర్మారావుగారు తన రెండో కొడుక్కి అనుకున్నారట. "పోనీలే, మా వాడు మనువాడతాడు" అంటున్నారు. ఆ రెండో కొడుక్కి నాలుగేళ్ళు.

లెక్క 10,00,910

ఈ సంఖ్య మూడుసార్లు కట్టాను. వెయ్యి కలిపాను, తొమ్మిది తీశాను. నూకరత్నం ఒకసారి, సరయు ఒకసారి, మురారి రెండుసార్లు కట్టారు. 10,00,910. మా ఇంటి కొత్త పెద్ద హయాంలో మొదటి చుట్టం.

గంట మోగింది. ధర్మారావుగారు "మాదే!" అన్నారు. అయిదోవారు "మాదే!" అన్నారు. నూట ఒకటోవారు "మాదే!" అన్నారు. ఇక మిగిలింది మేము.

ఇంటి పెద్ద నా భుజం మీద నిద్రపోతోంది.

నేను నోరెత్తకూడదు. సరయు అనకూడదు, తనది వేరే ఇల్లు. పెద్దే అనాలి, నోటి నుంచి ఏదో ఒక శబ్దం రావాలి. గుల్లంతా మావైపే చూస్తోంది. నూకరత్నం పాప అరికాలు మీద వేలితో గీసింది. కదల్లేదు. ఇంకోసారి గీసింది. నా సంచిలోంచి మా కోడిపిల్ల తొమ్మిది తల బయట పెట్టి పాప చెవి దగ్గర కీచుమంది.

పాప కళ్ళు తెరిచింది. కోడిపిల్లని చూసింది, నన్ను చూసింది. ఆ తరవాత జనమందరికీ వినబడేలా, గట్టిగా అంది:

"ఉంగా!"

"తొమ్మిది వందల తొంభై ఒకటోవారు మాదే అన్నారు!" అని ధర్మారావుగారు అరిచారు. నేను పుస్తకంలో రాసుకున్నాను. చేతికి పులిహోర ఉంది, ఇవాళా విందే మరి. ముందు చెయ్యి కడుక్కున్నాను. 10,00,910కి వెయ్యి కలిపాను.

తొమ్మిది తీశాను.